బట్టల కొట్టులో కెమిస్ట్రీ పాఠం

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (రసాయన శాస్త్రం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు ‘విద్య విలువ’ గురించి రాద్దామనుకున్నాను. ఆ విషయం మీద నాకంటే బాగా రాసేవాళ్ళు ఈ సంచికలోనే ఉంటారు. అందుకని నేను మోసపోయిన ఒక సంగతిని, దానివల్ల నేర్చుకున్న పాఠాన్ని రాస్తున్నాను. ఇది పరీక్షలో రాదు. కానీ పండక్కి బట్టలు కొనేటప్పుడు ప్రతిసారీ వస్తుంది.

అమ్మకు కొన్న చీర

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి నేనే. అమ్మ వ్యవసాయ కూలీ. నవంబరు నుంచి పత్తి తీతకు, ఆ తర్వాత మిరప కోతకు వెళుతుంది. ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరంలో ఉండగా ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పి కొంత డబ్బు దాచాను. ఆ సంక్రాంతికి నా డబ్బుతో అమ్మకు ఒక మంచి చీర కొనాలనుకున్నాను.

కొట్టులో స్పష్టంగానే అడిగాను: “ఎండలో పనిచేసే మనిషికి. నూలు చీర కావాలి.” “ఇది ప్యూర్ కాటన్ తమ్ముడూ! గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, ఉతికిన అరగంటకే ఆరిపోతుంది, పదేళ్ళయినా రంగు పోదు” అన్నారు. మెత్తగా ఉంది. పువ్వుల డిజైను బాగుంది. ఆరు వందల ఇరవై రూపాయలు ఇచ్చి తెచ్చాను. ఇప్పుడు తలచుకుంటే ఆయన చెప్పిన గుణాలన్నీ పాలిస్టర్‌వే. గంజీ ఇస్త్రీ అక్కర్లేనిది, అరగంటలో ఆరేది మామూలు నూలు బట్ట కాదని నాకు తట్టలేదు.

అమ్మ పండుగరోజు కట్టుకుని అందరికీ చూపించుకుంది. తర్వాత మిరప కోతకు రెండు రోజులు కట్టుకెళ్ళింది. మూడో రోజు నుంచి మళ్ళీ పాత చీరలే. ఎందుకని అడిగితే “ఉడికిపోతంది నాయనా” అంది. మెడ చుట్టూ, నడుము దగ్గర ఎర్రగా చెమటకాయలు లేచాయి. ఇంట్లో కట్టుకుంటాలే అని ఆ చీరను ఇంటివాడకానికి మార్చింది.

ఒకరోజు పొయ్యి దగ్గర నిప్పురవ్వ ఎగిరి కొంగు మీద పడింది. బట్ట ముడుచుకుంటూ కరిగి ముంజేతికి అతుక్కుంది. అమ్మ కంగారులో లాగేసింది. దాంతోపాటు చర్మం కూడా ఊడి వచ్చింది. ఇప్పటికీ రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది.

తమ్ముళ్ళూ! అప్పటికే నేను టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ కలిస్తే ఏ పాలిమర్ వస్తుందో తప్పు లేకుండా బోర్డు మీద రాయగలను. ఇంటర్లో ఆ పాఠానికి మంచి మార్కులు కూడా వచ్చాయి. అదే పాలిమర్‌ను చీరగా మడిచి చేతిలో పెడితే గుర్తుపట్టలేకపోయాను. ఆ సిగ్గుతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

దారాలు ఎన్ని రకాలు?

మనం కట్టుకునే బట్టల దారాలను మూడు రకాలుగా గుర్తుంచుకుంటే చాలు.

1. సహజ దారాలు: పత్తి, అవిసె నార (లెనిన్ బట్ట దీనితోనే నేస్తారు), పట్టు, ఊలు. పత్తి, నార మొక్కల నుంచి వచ్చేవి. వాటిలో ఉండేది సెల్యులోజ్. కాగితంలో ఉండేది కూడా అదే. పట్టు, ఊలు జంతువుల నుంచి వచ్చేవి. వాటిలో ఉండేది ప్రోటీన్. మన వెంట్రుకల్లో ఉండేదీ ప్రోటీనే. ఈ రెండు పోలికలూ గుర్తుంచుకోండి, మంట పరీక్షలో పనికొస్తాయి.

2. రేయాన్ లేదా విస్కోస్: కలప గుజ్జులోని సెల్యులోజ్‌ను రసాయనాలతో కరిగించి, మళ్ళీ దారంగా తీస్తారు. ముడిసరుకు చెట్టుది, తయారీ ఫ్యాక్టరీది. ఒంటికి చల్లగానే ఉంటుంది కానీ తడిస్తే బలం బాగా తగ్గుతుంది.

3. పూర్తి కృత్రిమ దారాలు: పాలిస్టర్, నైలాన్, ఎక్రిలిక్. వీటికి మూలం పెట్రోలియం. నైలాన్‌ను 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో పనిచేసిన కారోథర్స్ తయారుచేశాడు. పాలిస్టర్ దారాన్ని 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు కనిపెట్టారు. దానికి అక్కడ పెట్టిన పేరు టెరిలీన్. మన తాతలు గొప్పగా చెప్పుకున్న ‘టెర్లిన్ చొక్కా’ అదే. దాన్ని నూలుతో కలిపితే ‘టెరికాటన్’ అయింది. మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసా, పాలిస్టర్ చొక్కా రసాయనికంగా ఒకే పదార్థం. సీసాలను కరిగించి దారం తీసే ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి.

ఈనాడు ప్రపంచంలో తయారయ్యే మొత్తం దారాల్లో సగానికి పైగా పాలిస్టరే. పత్తి వాటా సుమారు అయిదో వంతు. కాబట్టి కొట్టులో చూడగానే చేతికి తగిలేది ఎక్కువగా పాలిస్టరే అయి ఉంటుంది.

చెమట లెక్క

పాలిస్టర్ చీరలో అమ్మ ఎందుకు ఉడికిపోయింది? దీనికి చిన్న లెక్క ఉంది.

మామూలు వాతావరణంలో 100 గ్రాముల పొడి పత్తి గాలిలోని తేమను సుమారు 8.5 గ్రాములు పీల్చుకుంటుంది. అదే 100 గ్రాముల పాలిస్టర్ పీల్చుకునేది 0.4 గ్రాములు మాత్రమే. సెల్యులోజ్ అణువు నిండా హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. అవి హైడ్రోజన్ బంధాలతో నీటిని పట్టుకుంటాయి. పాలిస్టర్ గొలుసులో నీటికి అలాంటి చోటు దాదాపు లేదు.

చర్మం మీద ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడి మన ఒంట్లోంచే పోతుంది కాబట్టి ఒళ్ళు చల్లబడుతుంది. నూలు బట్ట చెమటను పీల్చి, పరచి, గాలికి వదులుతుంది. దగ్గరి నేత పాలిస్టర్ బట్ట పీల్చదు. చెమట చర్మం మీదే జిగటగా నిలుస్తుంది. పల్నాడు ఎండలో మిరప కోసే మనిషికి ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, ఆరోగ్యానికి సంబంధించినది కూడా.

ఇంకొక గుణం: పాలిస్టర్‌కు నీటి మీద లేని ఇష్టం నూనె మీద ఉంది. అందుకే దాని మీద పడిన నూనె మరక, చెమట వాసన ఉతికినా సులభంగా పోవు.

కొట్టులో చేయదగిన పరీక్షలు

కొట్టులో అగ్గిపుల్ల గీయకూడదు. చూపు, వేళ్ళు, ఒక నీటి చుక్క చాలు. కానీ ఏ ఒక్క పరీక్షనూ పూర్తిగా నమ్మకండి. మూడు నాలుగు కలిపి చూసి నిర్ణయానికి రండి.

1. చీటీ చదవండి: రెడీమేడ్ చొక్కాకు, ప్యాంటుకు లోపల పక్క కుట్టులో చిన్న గుడ్డచీటీ ఉంటుంది. ఏ దారం ఎంత శాతమో అందులో ఉంటుంది. ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ తాను అయితే అంచు వెంట అచ్చు వేసి ఉంటుంది. స్కూలు యూనిఫాం గుడ్డల్లో ‘పాలిస్టర్ 67%, కాటన్ 33%’ అనేది తరచుగా కనిపించే లెక్క. మెడ దగ్గర పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కన్నా, లోపల చిన్న అక్షరాల్లో ఉండే ఈ శాతాలే ముఖ్యం.

2. పిడికిట్లో నలపండి: బట్ట మూలను పిడికిట్లో గట్టిగా పట్టుకుని పది లెక్కపెట్టి వదలండి. నూలు, రేయాన్ ముడతలు పడి అలాగే ఉంటాయి. పాలిస్టర్ వెంటనే సర్దుకుంటుంది. అయితే ముడతలు పడకుండా మందు పట్టించిన నూలు బట్టలు కూడా ఉన్నాయి.

3. నీటి చుక్క: వేలు తడిపి ఒక చుక్క వేయండి. నూలు పీల్చుకుని చుట్టూ మచ్చలా పరుచుకుంటుంది. పాలిస్టర్ మీద చుక్క కాసేపు పూసలా నిలుస్తుంది, లేదా జారిపోతుంది. కొత్త బట్టకు గంజి ఎక్కువగా ఉంటే నూలు కూడా మొదట పీల్చుకోదు. కాబట్టి కొంచెం ఆగి చూడండి. చుక్క వేసేముందు కొట్టువాళ్ళను అడగడం మర్యాద.

4. పోగు లాగండి: చీర కొంగు చివర, గుడ్డ కోసిన అంచున వదులుగా పోగులుంటాయి. ఒకటి తీసి పురి విప్పి లాగండి. నూలు పోగు సులభంగా తెగి, తెగినచోట దూదిలా నూగు కనిపిస్తుంది. పాలిస్టర్ పోగు కొంచెం సాగి, గట్టిగా లాగితే గాని తెగదు. ఉమ్మితో తడిపి మళ్ళీ లాగండి. తడిస్తే నూలు ఇంకా గట్టిపడుతుంది, రేయాన్ బలహీనపడుతుంది. నూలును, రేయాన్‌ను విడదీసి చెప్పే సులువైన పరీక్ష ఇదే.

5. పడుగు, పేక రెండూ చూడండి: నిలువు పోగు పాలిస్టర్, అడ్డపోగు నూలు పెట్టి నేసిన బట్టలున్నాయి. ఒక పోగు చూసి మొత్తం నూలే అనుకోవద్దు. అలాగే చొక్కా కుట్టిన దారాన్ని పరీక్షించవద్దు. నూరు శాతం నూలు చొక్కాను కూడా చాలాసార్లు పాలిస్టర్ దారంతోనే కుడతారు.

6. మెత్తదనాన్ని నమ్మకండి: ఇప్పుడు పాలిస్టర్‌ను వెంట్రుక కంటే సన్నని పోగులుగా తీస్తున్నారు. అది నూలు కంటే మెత్తగా ఉంటుంది. నేను మోసపోయింది ఇక్కడే.

పేర్లలో ఉన్న మాయ

బట్టల పేర్లు రెండు రకాలు. కొన్ని దారం పేర్లు, కొన్ని నేత పేర్లు. ఈ తేడా తెలియకపోవడం వల్లే ఎక్కువమంది మోసపోతారు.

శాటిన్, క్రేప్, జార్జెట్, షిఫాన్ – ఇవి దారం పేర్లు కావు. బట్ట నేసిన తీరును బట్టి వచ్చిన పేర్లు. ఒకప్పుడు వీటిని పట్టుతో నేసేవారు. ఇప్పుడు చవగ్గా దొరికే వాటిలో చాలావరకు పాలిస్టర్‌వి. జార్జెట్ అని చెబితే “ఏ దారం జార్జెట్?” అని అడగాలి.

‘కాటన్ ఫీల్’, ‘కాటన్ టచ్’, ‘సిల్క్ లుక్’ అంటే ఆ దారంలా అనిపిస్తుందని అర్థం, ఆ దారమే అని కాదు. ‘ఆర్ట్ సిల్క్’ అంటే కళాత్మకమైన పట్టు అనుకునేరు! ‘ఆర్టిఫిషియల్’ అన్న మాటను పొట్టి చేసిన పేరది. అంటే కృత్రిమ పట్టు. ‘కాటన్ మిక్స్’ అంటే అందులో నూలు పది శాతం ఉండవచ్చు, తొంభై శాతం ఉండవచ్చు. శాతం చెప్పని మిక్స్‌కు నూలు ధర ఇవ్వకండి.

చలికాలం రోడ్డు పక్కన ‘ఊలు’ అని అమ్మే స్వెట్టర్లు, దుప్పట్లలో చాలావరకు ఎక్రిలిక్. వెచ్చగానే ఉంటాయి. కానీ వాటితో పొయ్యి పక్కన, చలిమంట పక్కన కూర్చోవద్దు.

ఖద్దరు కొట్టులో కూడా ‘పాలీవస్త్ర’ అనేది ఉంటుంది. అది పాలిస్టర్ కలిసిన ఖాదీ. తప్పేమీ లేదు, తెలిసి కొనాలి.

ఇంట్లో మంట పరీక్ష

ఇది బట్ట కొన్న తర్వాత, లేదా దర్జీ దగ్గర మిగిలిన ముక్కతో చేయాలి. చిన్న తమ్ముళ్ళు ఒంటరిగా చేయవద్దు. సైన్సు మాస్టారి దగ్గరో, ఇంట్లో పెద్దల దగ్గరో చేయండి. ఆరుబయట, స్టీలు పళ్ళెం మీద, పక్కన చెంబుడు నీళ్ళు పెట్టుకుని, రెండంగుళాల పోగులను పట్టకారతో పట్టుకుని చేయాలి. చేత్తో పట్టుకోవద్దు. పొగను నేరుగా పీల్చవద్దు.

నూలు: మంట తగలగానే అంటుకుంటుంది, కరగదు. మంట తీసేసినా కాలుతూనే ఉంటుంది. ఆరాక కూడా చివర నిప్పు కాసేపు మిణుకుమంటుంది. కాగితం కాలిన వాసన. బూడిద మెత్తగా, తాకితే రాలిపోతుంది.

రేయాన్: నూలు లాగే, ఇంకా వేగంగా కాలుతుంది. బూడిద చాలా తక్కువ.

పట్టు, ఊలు: నెమ్మదిగా కాలుతాయి. మంట తీసేస్తే ఆరిపోతాయి. వెంట్రుకలు కాలిన వాసన. మిగిలిన నల్లటి ఉండను నలిపితే పొడి అవుతుంది.

పాలిస్టర్: మంట తాకకముందే వెనక్కి ముడుచుకుంటుంది. కరుగుతూ, నల్లటి పొగతో కాలుతుంది. కొంచెం తియ్యటి ఘాటు వాసన. చల్లారాక గట్టి నల్లపూస మిగులుతుంది. వేళ్ళతో నలిపినా నలగదు.

నైలాన్: ఇదీ ముడుచుకుని కరుగుతుంది. బూడిదరంగు గట్టిపూస మిగులుతుంది.

ఎక్రిలిక్: జోరుగా కాలుతూ కరుగుతుంది. వంకరటింకర గట్టి నల్లముద్ద మిగులుతుంది. పొగ హానికరం, దూరంగా ఉండండి.

మిశ్రమం: కాగితం వాసనా వస్తుంది, చివర గట్టి నలుసూ మిగులుతుంది. ఏది ఎంత శాతమో మంట చెప్పలేదు.

శాతం కావాలంటే ప్రయోగశాలే గతి. పాలిస్టర్–నూలు మిశ్రమాన్ని తూచి, సుమారు 75 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచితే నూలు కరిగిపోతుంది, పాలిస్టర్ మిగులుతుంది. ఒక గ్రాము గుడ్డలో 0.67 గ్రాములు మిగిలితే 67 శాతం పాలిస్టర్ అన్నమాట. ఇది ప్రమాదకరమైన ఆమ్లం. కాలేజీ ల్యాబులో, మాస్టార్ల సమక్షంలో తప్ప ఎక్కడా చేయకూడదు. మా మాస్టారి అనుమతితో నేను అమ్మ చీర కొంగు ముక్కను ఇలాగే పరీక్షించాను. ఒక గ్రాము వేసి, కడిగి, ఆరబెట్టి తూస్తే దాదాపు ఒక గ్రామూ అలాగే ఉంది. ‘ప్యూర్ కాటన్’లో ఒక్క పోగు కూడా కాటన్ లేదు.

గుర్తులు, బిల్లు

ఆ చీర పట్టుకుని కొట్టుకు వెళ్ళాను. “కాటన్ లాంటిదన్నాం గానీ కాటన్ అని ఎప్పుడన్నాం?” అన్నారు. నా దగ్గర ఉన్నది తెల్లకాగితం మీద 620 అని రాసిన చీటీ ఒక్కటే. అందులో కొట్టు పేరు లేదు, బట్ట పేరు లేదు. మాట్లాడకుండా తిరిగి వచ్చాను. అందుకే ఈ నాలుగు మాటలు.

బిల్లు అడగండి. బిల్లు మీద ‘చీర’ అని కాక ‘కాటన్ చీర’ అని రాయించండి. నిజంగా నూలయితే రాయడానికి ఎవరూ వెనకాడరు. రాయనన్నారంటే మీకు జవాబు దొరికినట్టే. అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన సొమ్ము అయిదు లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు.

కొన్ని ప్రభుత్వ గుర్తులు కూడా తెలుసుకోండి. 2004లో వచ్చిన ‘సిల్క్ మార్క్’ అసలు పట్టుకు గుర్తు. 2006లో వచ్చిన ‘హ్యాండ్‌లూమ్ మార్క్’ చేనేతకు గుర్తు. అది చేతిమగ్గం మీద నేసిందని మాత్రమే చెబుతుంది, నూలా పట్టా అన్నది వేరే చూసుకోవాలి. 2013 నిబంధనలతో వచ్చిన ‘ఖాదీ మార్క్’ ఖద్దరుకు గుర్తు.

మరి పాలిస్టర్ కొనకూడదా?

అలా అనడం న్యాయం కాదు. పాలిస్టర్ చవక. గట్టిది. త్వరగా ఆరుతుంది. సాయంత్రం ఉతికి పొద్దున్నే వేసుకోవలసిన హాస్టల్ కుర్రాడికి ఆ గుణాల విలువ నాకు బాగా తెలుసు. రెండు జతలతో సంవత్సరమంతా గడిపినవాళ్ళం మనం. బ్యాగుకు, గొడుగుకు, ఆటల బనీనుకు, వానకోటుకు అదే మేలు. యూనిఫాంకు మిశ్రమం మన్నుతుంది. కానీ ఏది దేనికి పనికొస్తుందో చూడాలి:

– లోపలి బనీను, డ్రాయరు, తువ్వాలు, పసిపిల్లల బట్టలు, పక్కదుప్పటి: నూలే.
– పొలం పని, ఎండ పని: పలచని నూలు. పత్తి తీసేటప్పుడు చీర మీద వేసుకునే పాత ఫుల్ చొక్కా కూడా వీలైతే నూలుదే ఇవ్వండి.
– వంటపని, దీపావళి: ఒంటికి పట్టి ఉండే నూలు బట్టలు. కొంగు, ఓణీ బిగించి దోపుకోవాలి. నూలు కూడా అంటుకుని కాలుతుంది, అది మరవద్దు. కానీ కరిగి చర్మానికి అతుక్కోదు. పాలిస్టర్ సుమారు 255–260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, పొయ్యి మంట వేడి అంతకంటే ఎంతో ఎక్కువ.
– ఇస్త్రీ: పాలిస్టర్‌కు తక్కువ వేడి. ఎనిమిదో తరగతిలో రిపబ్లిక్ డేకి ముందురోజు రాత్రి నేను ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ప్యాంటు ఇస్త్రీ చేశాను. మోకాలి దగ్గర చెంబు అడుగు గుండ్రంగా అచ్చుపడి కరిగింది. ఆ ప్యాంటుతోనే జెండా వందనానికి నిలబడ్డాను. అది టెరికాటన్ అని ఇప్పుడు చెప్పగలను.

కరిగిన బట్ట ఒంటికి అంటుకుంటే

ఇది అందరూ కంఠస్థం చేయండి. ఒంటి మీద బట్ట అంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడుకుని దొర్లాలి. మందపాటి నూలు దుప్పటి కప్పి మంటను ఆర్పవచ్చు. ఆరిన తర్వాత కాలినచోట మామూలు చల్లని నీటిని ఇరవై నిమిషాల పాటు ధారగా పోయాలి. చర్మానికి అతుక్కున్న బట్టను లాగకూడదు. దాన్ని అలాగే ఉంచి, చుట్టూ వదులుగా ఉన్న బట్టను మాత్రమే కత్తిరించి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు, పసుపు పెట్టకూడదు. ఈ మాట మా అమ్మకు ఆరోజు తెలిసి ఉంటే మచ్చ ఇంత లోతుగా ఉండేది కాదు.

చివరిగా

మన ఈపూరు మండలం 2022 ఏప్రిల్ 4 వరకు గుంటూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. జిల్లా మారినా మన చేలల్లో పత్తి, మిరప మారలేదు. ఒక లెక్క చూడండి. క్వింటాలు పత్తిని జిన్నింగు చేస్తే గింజ పోగా దూది మూడో వంతు వస్తుంది. ఒక మనిషి రోజుకు 30 కిలోల పత్తి తీస్తే అందులో దూది 10 కిలోలు. అరకిలో తూగే చీరలు, వడకడంలో తరుగు పోను, పదిహేనయినా వస్తాయి. అంటే మా అమ్మ ఒక్కరోజు తీసిన పత్తితో పదిహేను మందికి నూలు చీరలు కట్టించవచ్చు. ఆమె ఒంటి మీద ఉన్నది మాత్రం పెట్రోలియం. దీనికి కారణాలు ధరల్లో, మార్కెట్లో చాలా ఉన్నాయి. అవన్నీ మన చేతిలో లేవు. డబ్బిచ్చి కొనేటప్పుడు అడిగిన దారమే తీసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

ల్యాబు పరీక్ష ఫలితం ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. “అది పత్తి కాదమ్మా, నన్ను మోసం చేశారు” అన్నాను. అమ్మ నవ్వింది. “ఇరవయ్యేళ్ళ నుంచి పత్తి తీస్తన్నా. పత్తి నాకు తెలవదా నాయనా? పండగనాడు కట్టుకోగానే తెలిసింది. మొదటిసారి కొన్నావు గదా అని ఊరుకున్నా” అంది.

నాకు నోట మాట రాలేదు. నేను అయిదేళ్ళు చదివి, ఆమ్లం పోసి తెలుసుకున్నదాన్ని అమ్మ చేత్తో తాకి చెప్పింది. ఆ తర్వాతి సంక్రాంతికి అమ్మను వెంటబెట్టుకుని ఆప్కో దుకాణానికి వెళ్ళాను. నేను చీటీ చదివాను, బిల్లు రాయించాను. అమ్మ కొంగు చివర పోగు లాగి రెండు వేళ్ళ మధ్య నలిపి “ఇది తీసుకో” అంది. మంగళగిరి నూలు చీర. ఈసారి మిరప కోతకు రోజూ అదే కట్టుకెళుతోంది.

కాబట్టి తమ్ముళ్ళూ! బట్టలు కొనడానికి వెళ్ళేటప్పుడు చదువుకున్నవాళ్ళం గదా అని ఒంటరిగా వెళ్ళకండి. అమ్మనో నాన్ననో తీసుకెళ్ళండి. వాళ్ళ వేళ్ళకు తెలిసినదీ, మన పుస్తకంలో ఉన్నదీ కలిస్తే మోసపోయే అవకాశం తక్కువ.

మీకు ఇంటిపని

1. మీ ట్రంకు పెట్టెలోని బట్టల్లో అయిదింటి చీటీలు చదివి, ఏ దారం ఎంత శాతమో నోటుబుక్కులో రాయండి. చీటీ లేనివాటికి పిడికిలి, నీటి చుక్క, పోగు పరీక్షలు చేయండి.

2. దర్జీ దగ్గర నాలుగు రకాల గుడ్డముక్కలు అడిగి తెచ్చి, సైన్సు మాస్టారి సమక్షంలో మంట పరీక్ష చేసి, వాసన, బూడిద, పూస – ఈ మూడింటితో పట్టిక వేయండి.

3. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ముక్కలనే మీ అమ్మ చేతికిచ్చి ఏది నూలో అడగండి. మీ పట్టికతో సరిచూసుకోండి. ఎవరికి ఎక్కువ మార్కులు వస్తాయో వచ్చే వార్షికోత్సవానికి వచ్చినప్పుడు నాకు చెప్పండి.